నల్లబల్ల కనబడని పిల్లాడు

అరకులోయ నుంచి డుంబ్రిగుడ పోయే దారికి అటూ ఇటూ కొండవాలు మీద చిన్న చిన్న ఊళ్లు చాలా ఉన్నాయి. వలిసె చేలు, కాఫీ తోటలు, వాటి నడుమ ఇరవై ముప్పై ఇళ్లు. అలాంటి ఊరు ఒకటి అనుకోండి. ఊరి పేరు అక్కరలేదు. ఇలాంటి ఇల్లు మీ ఊళ్లోనూ ఉంటుంది.

ఆ ఇంట్లో ఒక తల్లి. పగలు పని, రాత్రి చదువు. పొద్దుపోయాక అక్షర కేంద్రానికి వెళ్లి అక్షరాలు నేర్చుకుంది. ముందు తన పేరు రాసింది. తర్వాత రేషను కార్డు మీద పేర్లు చదివింది. తర్వాత బస్సు బోర్డు చదివింది. ఆమెకి ఇద్దరు పిల్లలు. కొడుక్కి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. కూతురికి ఐదేళ్లు, ఈ ఏడే బడిలో చేరింది.

కొడుకు గురించి బడిలో మంచి మాట ఒక్కటీ లేదు. బల్ల మీద రాసింది రాసుకోడు. పక్కవాడి పలకలోకి తొంగి చూస్తాడు. లేపి అడిగితే నేల చూస్తాడు. పొడుగ్గా ఉంటాడని వెనక వరసలో కూర్చోబెట్టారు. అక్కడ గోడకి ఆనుకుని ఊరికే కూర్చుంటాడు.

"ఇంట్లో వీళ్ల మాట కువి. తెలుగు పాఠం అర్థం కాదు పాపం" అని ఒకరన్నారు.

"అర్థం కాక కాదు. మొద్దు" అని ఇంకొకరన్నారు.

మొదటి మాటలో కొంత నిజముంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయితే చిన్నపిల్లలకి కష్టమే. అందుకే 2004 నుంచి మన రాష్ట్రంలో కొన్ని బడుల్లో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర వంటి ఎనిమిది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టారు. కాని ఈ పిల్లాడి కష్టం భాష కాదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. వాడికీ తెలియదు.

ఇంట్లో మాట సాగింది. "చదువు అబ్బనివాణ్ని బడికి పంపి ఏం లాభం? మేకల వెనక పంపితే మేకలైనా పెరుగుతాయి" అంది అత్త. తండ్రి ఏమీ అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే.

ఒక రాత్రి తల్లి దీపం దగ్గర వాచకం పెట్టుకుని కూడబలుక్కుంటోంది. ఒక ఒత్తు దగ్గర ఆగిపోయింది. కొడుకు వచ్చి పుస్తకం తీసుకున్నాడు. ముక్కుకి ఆనించుకున్నాడు. పేజీ అంతా గడగడా చదివేశాడు.

తల్లి ఆశ్చర్యపోయింది. తనకి చదువు రాని రోజుల్లో అయితే వాడు చదివింది నిజమో, నోటికొచ్చింది చెప్పాడో తెలిసేది కాదు. ఇప్పుడు తెలుస్తుంది. వాడు ఒక్క అక్షరం తప్పు పోలేదు. మరి మొద్దు ఎలా అయ్యాడు?

తెల్లారాక ఆమె బొగ్గుముక్కతో గోడ మీద పెద్దగా 'పనస' అని రాసింది. కొడుకుని గుమ్మం అవతల నిలబెట్టింది.

"అక్కడేం రాసుందిరా?"

"ఏదో నల్లగా ఉందమ్మా."

"ఇంకొంచెం దగ్గరకి రా."

రెండడుగులు వచ్చాడు. కళ్లు చికిలించాడు. ఇంకా రెండడుగులు. ఇంకా. గోడకి బారెడు దూరంలోకి వచ్చాక "పనస" అన్నాడు.

"ఇంతకాలం చెప్పలేదేం?" అంది తల్లి.

"అందరికీ ఇలాగే అగుపడదా?" అన్నాడు వాడు.

పిల్లలు చెప్పకపోవడానికి కారణం ఇదే. పుట్టినప్పటి నుంచి, లేదా ఎప్పుడో నెమ్మదిగా, చూపు మసకబారితే పిల్లలకి తేడా తెలియదు. లోకమే మసకగా ఉంటుందనుకుంటారు. కాలికి ముల్లు గుచ్చుకుంటే ఏడుస్తారు. చూపు తగ్గితే నొప్పి ఉండదు, ఏడవరు. అందుకని పెద్దలే కనిపెట్టాలి.

ఎలా కనిపెట్టాలి? పిల్ల పుస్తకాన్ని మరీ దగ్గర పెట్టుకుంటుంది. దూరం చూడాలంటే కళ్లు చికిలిస్తుంది, తల ఒక పక్కకి వంచుతుంది. మాటిమాటికీ కళ్లు నులుముకుంటుంది. సాయంత్రానికి తలనొప్పి అంటుంది. బంతి విసిరితే పట్టుకోలేదు. చీకటి పడగానే గుమ్మం తట్టుకుని పడుతుంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా పరీక్ష చేయించాలి. ఏదీ లేకపోయినా ఏడాదికోసారి చేయించడం మంచిది. ఒక కన్ను బాగుండి ఒక కన్ను బాగోకపోతే బాగున్న కన్నే పని లాగించేస్తుంది. పైకి ఏమీ తెలియదు.

తల్లి బడికి వెళ్లి మాస్టారుతో గోడ సంగతి చెప్పింది. మాస్టారు మంచాయనే. ఆ మాట విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత బడి బీరువాలోంచి ఒక అట్ట తీశాడు.

ఆ అట్ట మీద ఇంగ్లీషు అక్షరం ఒకటే ఉంటుంది. 'ఈ' అనే అక్షరం. నిలువు గీతకి మూడు అడ్డగీతలు. చూడడానికి మూడు పళ్ల గొర్రులా ఉంటుంది. పళ్లు ఒకచోట కుడివైపు, ఒకచోట ఎడమవైపు, ఒకచోట పైకి, ఒకచోట కిందికి ఉంటాయి. పిల్లలు అక్షరం పేరు చెప్పక్కర్లేదు. మూడు వేళ్లు చాపి పళ్లు ఎటున్నాయో అటు చూపిస్తే చాలు. బడి మెట్టు ఎక్కనివాళ్లు కూడా ఈ పరీక్ష చేయించుకోవచ్చు. కువి పిల్లాడైనా ఒరియా పిల్లాడైనా ఒకటే. దూరంగా అక్షరాల అట్ట పెట్టి చూపు కొలిచే పద్ధతిని 1862లో హాలండు దేశపు కంటి డాక్టరు స్నెల్లెన్ తయారుచేశాడు. ఇప్పటికీ ప్రపంచమంతా అదే వాడుతోంది.

మాస్టారు తాడు తీసుకుని ఆరు మీటర్లు కొలిచాడు. అంటే ఇరవై అడుగులు దగ్గరదగ్గర. అట్టని వెలుతురు బాగా పడే గోడకి, పిల్లల కళ్ల ఎత్తున కట్టాడు. పిల్లాణ్ని గీత మీద నిలబెట్టాడు. ఒక కన్ను అరచేత్తో మూయమన్నాడు. మూసే కన్నుని నొక్కకూడదు. నొక్కితే తర్వాత ఆ కన్ను కాసేపు మసకగా కనిపిస్తుంది, పరీక్ష తప్పుతుంది. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు, పిల్లలు కదా. వరసలో నిలబడినవాళ్లు ముందువాడి జవాబులు విని కంఠస్థం కూడా చేస్తారు. అందుకని మధ్యమధ్య అట్టని తిప్పుతూ ఉండాలి.

అట్ట మీద అర అంగుళం ఎత్తు అక్షరాల వరస ఒకటుంది. ఆరు మీటర్ల దూరం నుంచి ఆ వరస చూపించలేని పిల్లల్ని కంటి పరీక్షకి పంపాలి. ఒక్క కంటితో చూపించలేకపోయినా పంపాలి. మన పిల్లాడు దానికంటే నాలుగింతలు పెద్ద అక్షరాన్ని కూడా పోల్చుకోలేదు. రెండు కళ్లదీ అదే తీరు.

"వీణ్ని వెనక వరసలో కూర్చోబెట్టాను" అన్నాడు మాస్టారు. తల్లితో అన్నాడో తనతో తాను అనుకున్నాడో తెలియదు.

బడి పిల్లలకి కంటి పరీక్షలు కొత్త సంగతి కాదు. అంధత్వాన్ని అరికట్టడానికి మన దేశంలో 1976లో ఒక జాతీయ కార్యక్రమం మొదలైంది. అందులో భాగంగా బడి పిల్లల కళ్లు చూడడం 1994లో మొదలుపెట్టారు. పేదపిల్లలకి కళ్లద్దాలు ఉచితంగా ఇవ్వాలని అందులోనే ఉంది. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వచ్చింది. దాని కింద డాక్టర్ల బృందం ఏడాదికోసారి బడికి, రెండుసార్లు అంగన్‌వాడీకి వచ్చి పిల్లల్ని చూడాలి. కళ్లు కూడా చూడాలి. మీ ఊరి బడికి ఎప్పుడొచ్చారో మాస్టారుని అడగండి. రాలేదంటే ఎందుకు రాలేదో ఏఎన్ఎమ్మును అడగండి. అడగడం తప్పు కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న కంటి వెలుగు మొదలైంది. ఆ రోజు ప్రపంచ దృష్టి దినం. ముందు వంతు బడి పిల్లలకే ఇచ్చారు. ఒక్క వారంలో 60 వేలకు పైగా బడుల్లో సుమారు 66 లక్షల మంది పిల్లల కళ్లు చూశారు. చూసింది పెద్ద డాక్టర్లు కాదు. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎమ్‌లు, టీచర్లు. అందులో నాలుగు లక్షలమందికి పైగా పిల్లల్ని మళ్లీ గట్టిగా పరీక్ష చేయాల్సి వచ్చింది. నూటికి ఆరుగురు అనుకోండి. ముప్పై మంది ఉన్న బడిలో ఇద్దరు. ఆ ఇద్దరూ ఎవరు? అన్ని బడుల్లోనూ ఎవరో ఒకరు మొద్దు అనిపించుకుంటూనే ఉంటారు.

మాస్టారు చీటీ రాసిచ్చాడు. తల్లి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని అరకులోయ ఆసుపత్రికి బయల్దేరింది. కూతుర్ని ఎందుకు తీసుకెళ్లిందంటే, ఇంట్లో వదిలితే చూసేవాళ్లు లేరు. అంతే. అదే మేలయింది.

ఆసుపత్రిలో పిల్లాడి కళ్లలో చుక్కలు వేశారు. చుక్కలు వేస్తే నల్లగుడ్డు నడుమ ఉన్న రంధ్రం పెద్దదవుతుంది. వెలుతురు చూడలేరు. దగ్గరివి మసకగా ఉంటాయి. కొన్ని చుక్కలకి ఒక రోజు, కొన్నిటికి వారం దాకా అలా ఉంటుంది. తర్వాత తగ్గిపోతుంది. ఇది ముందే తెలియకపోతే "ఆసుపత్రికి పోయి ఉన్న చూపు పోగొట్టుకొచ్చాం" అని తల్లులు భయపడతారు. భయం లేదు. ఆ నాలుగు రోజులు ఎండలోకి పంపకపోతే చాలు.

పరీక్ష చేసినాయన తల్లికి విషయం చెప్పాడు. కంటి లోపల వెనక భాగంలో ఒక పలచటి తెర ఉంటుంది. మనం చూసేది ఆ తెర మీద బొమ్మలా పడుతుంది. సినిమా తెర గుర్తు తెచ్చుకోండి. తెరని ఉన్నచోటి నుంచి వెనక్కి జరిపితే బొమ్మ మసకవుతుంది. కొందరు పిల్లల కనుగుడ్డు కాస్త పొడుగ్గా పెరుగుతుంది. అప్పుడు తెర వెనక్కి పోయినట్టే. దగ్గరివి కనిపిస్తాయి, దూరానివి అలికేసినట్టుంటాయి. పుస్తకాల్లో దీన్ని హ్రస్వదృష్టి అంటారు. పట్నం పిల్లల్లో ఎక్కువ, పల్లె పిల్లల్లో తక్కువ. తక్కువ అంటే లేదని కాదు.

దీనికి మందు లేదు, పసరు లేదు. కళ్లద్దాలు పెట్టుకోవాలి.

ఇంటికొచ్చాక అత్త ఒప్పుకోలేదు. "ఈ వయసులో అద్దాలు పెడితే కళ్లు వాటికే అలవాటు పడి ఇంకా పాడవుతాయి" అంది. చాలామంది ఇదే అనుకుంటారు. ఇది నిజం కాదు. పిల్లాడు పెరిగినకొద్దీ కనుగుడ్డూ పెరుగుతుంది. అద్దాలు పెట్టినా పెట్టకపోయినా నంబరు మారుతూ ఉంటుంది. అద్దాల వల్ల పాడవడం ఏమీ ఉండదు. పెట్టకపోతే మాత్రం చదువు పోతుంది. నంబరు మారుతుంది కనుక ఏటా మళ్లీ చూపించాలి. పాత అద్దాలతో మూడేళ్లు లాగించకూడదు. అన్నవి తమ్ముడికి పెట్టకూడదు. సంతలో అమ్మే రంగు అద్దాలు ఇందుకు పనికిరావు.

పదిహేను రోజులకి అద్దాలు వచ్చాయి. జారిపోకుండా తల్లి వెనక నుంచి నాడా కట్టింది. పిల్లాడు గుమ్మంలోకి వచ్చి ఎదురు కొండ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఆ కొండ మీద దారి ఉందా?" అన్నాడు.

ఉంది. వాడు పుట్టకముందు నుంచీ ఉంది.

కొడుకు కథ ఇక్కడితో తేలికైంది. ఏణ్ణర్థం చదువు వెనకబడ్డాడు, కూడదీసుకోవాలి. కష్టమే గాని అయ్యే పనే. మాస్టారు వాణ్ని ముందు వరసలోకి మార్చాడు. అసలు ఆదుర్దా పడాల్సింది కూతురి విషయంలో.

ఆ పిల్లకి ఎడమ కన్ను కొంచెం ముక్కువైపు తిరిగి ఉంటుంది. మెల్లకన్ను. "మెల్లకన్ను అదృష్టం, ఇల్లు కలిసొస్తుంది" అని పుట్టినప్పటి నుంచి అత్త మురిసిపోతోంది. ఆడపిల్లకి కలిసొస్తుందన్న మాట ఒక్కటి దొరికితే దాన్ని వదులుకోవడం ఎవరికైనా కష్టమే. కాని ఆ రోజు ఆసుపత్రిలో, అన్న పరీక్ష అయ్యేదాకా బెంచీ మీద కూర్చున్న ఈ పిల్లని పరీక్ష చేసినాయన చూశాడు. పిలిచి కుడికన్ను మూశాడు. పిల్ల ఏడుస్తూ చెయ్యి తోసేసింది. ఎడమకన్ను మూస్తే ఊరుకుంది. అంటే ఎడమకన్ను చూడట్లేదు.

రెండు కళ్లు రెండు వైపులు చూస్తుంటే మెదడుకి రెండు బొమ్మలు అందుతాయి. చిన్నపిల్లల మెదడు అప్పుడేం చేస్తుందంటే, వంకరగా ఉన్న కన్ను చెప్పే మాట వినడం మానేస్తుంది. వినక వినక ఆ కన్ను చూడడం మరిచిపోతుంది. కన్ను చూడడానికి బాగానే ఉంటుంది. చూపు మాత్రం ఉండదు. చిన్నతనంలో, ఏడెనిమిదేళ్ల లోపు వైద్యం మొదలుపెడితే ఆ కన్నుకి మళ్లీ చూపు నేర్పించవచ్చు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా వస్తుంది. ఆలస్యమైనకొద్దీ కష్టం. పెళ్లీడుకి వచ్చాక ఆపరేషన్ చేస్తే కన్ను తిన్నగా అవుతుంది, అందంగా కనబడుతుంది. పోయిన చూపు మాత్రం సాధారణంగా తిరిగి రాదు.

అన్నకి ఏడాది ఆలస్యమైతే ఒక తరగతి పోతుంది. చెల్లికి రెండు మూడేళ్లు ఆలస్యమైతే ఒక కన్ను పోతుంది.

వైద్యం వినడానికి విచిత్రంగా ఉంటుంది. మంచి కన్నుని మూయాలి. రోజుకి ఇన్ని గంటలని డాక్టరు చెబుతారు. అన్ని గంటలు మంచి కన్నుకి పట్టీ అంటించాలి. అప్పుడు చెడ్డ కన్నే చూడాలి, వేరే దారి లేదు. పొలంలో పెద్దెద్దు పక్కన పడుకుని తినే ఎద్దుని ఒక్కదాన్నే కాడికి కట్టినట్టు. కొందరు పిల్లలకి కళ్లద్దాలతోనే మెల్ల సరవుతుంది. కొందరికి అద్దాలు, పట్టీ, తర్వాత ఆపరేషన్ కూడా కావాలి. ఈ పిల్లని విశాఖపట్నంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. అరకు నుంచి నూటపది కిలోమీటర్ల పైచిలుకు, ఘాటు రోడ్డు. ఒక రోజు కూలి పోతుంది, దారి ఖర్చు అవుతుంది. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ వెళ్లాలి. తల్లి అక్కడే వేళ్ల మీద లెక్కేసుకుంది.

"అదృష్టాన్ని కోసేయిస్తావా?" అంది అత్త.

తల్లి ఎదురు చెప్పలేదు. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని కుడికన్ను అరచేత్తో మూసింది. "అత్తా, నీ చేతిలో ఏదైనా పట్టుకో" అంది. అత్త ఉల్లిపాయ పట్టుకుంది. పిల్ల "బంతి" అంది. అత్త గుప్పెడు చోళ్లు చూపించింది. పిల్ల ఏమీ అనలేదు.

అత్త ఆ రోజు పెద్దగా మాట్లాడలేదు.

పిల్లల కళ్ల గురించి ఇంకొన్ని సంగతులు ఇక్కడే చెప్పాలి. రేచీకటి అంటే చీకటి పడితే చూపు ఆనకపోవడం. అది గాలీ కాదు, చేతబడీ కాదు. ఒంట్లో ఏ విటమిన్ తక్కువై వస్తుంది. తెల్లగుడ్డు మీద సబ్బునురుగు లాంటి మచ్చలు కూడా వస్తాయి. పట్టించుకోకపోతే నల్లగుడ్డు మెత్తబడి కన్ను పోతుంది. 1970 నుంచి మన దేశంలో చిన్నపిల్లలకి ఏ విటమిన్ ద్రవం తాగిస్తున్నారు. తొమ్మిదో నెలలో తట్టు టీకాతో పాటు మొదటిసారి, తర్వాత ఐదేళ్లు వచ్చేదాకా ఆరు నెలలకొకసారి. మొత్తం తొమ్మిది సార్లు. టీకాల కార్డు తీసి ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు కదా. తిండిలో మునగాకు, తోటకూర, పండిన బొప్పాయి, మామిడిపండు, గుమ్మడికాయ, గుడ్డు పెట్టండి. మునగచెట్టు పెరట్లో ఉండి కూడా ఆకు మేకలకి వేసే ఇళ్లు ఉన్నాయి.

కంట్లో ముల్లు, కర్రపుల్ల, బాణం ములుకు గుచ్చుకుంటే లాగకండి, నలపకండి. పైన గుడ్డ వదులుగా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి. సున్నం గాని పురుగుమందు గాని పడితే ముందు నీళ్లు. మంచినీళ్లతో పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగి, తర్వాత బయల్దేరాలి. ఆకు పసరు, చనుబాలు, తేనె కంట్లో వేయవద్దు. మనవాళ్లకి అడవి మందులు చాలా తెలుసు. వాటిలో మంచివీ ఉన్నాయి. కంట్లో మాత్రం ఏ పసరూ వద్దు. పుండు పడితే మచ్చ మిగిలిపోతుంది. కండ్లకలక వస్తే తువ్వాలు వేరు చేయండి, చేతులు సబ్బుతో కడగండి, ఒకరి చుక్కలు ఇంకొకరికి వేయకండి. పసిబిడ్డ నల్లగుడ్డు నడుమ తెల్లగా, పిల్లికన్నులా మెరిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. అది శుక్లం కావచ్చు, కంటిలో కాన్సరు కూడా కావచ్చు. తొందరగా వెళ్తే బిడ్డ బతుకుతుంది.

తల్లి కూతుర్ని విశాఖ తీసుకెళ్లింది. అద్దాలు ఇచ్చారు, పట్టీలు ఇచ్చారు. మొదటి వారం పిల్ల పట్టీ పీకి పారేసేది. బడిలో పిల్లలు ఒంటికన్ను అని ఏడిపించారు. అన్న ఒకణ్ని కొట్టాడు, మాస్టారు చేత తిట్లు తిన్నాడు. తల్లి ఒక ఉపాయం చేసింది. పట్టీ వేసిన గంటల్లోనే పిల్లకి ఇష్టమైన పనులన్నీ పెట్టింది. గింజలు ఏరడం, పూసలు గుచ్చడం, వాచకంలో బొమ్మలు చూడడం. చెడ్డ కన్నుకి పని దొరికింది. పిల్లకి పట్టీ మరిచిపోయే వేళ దొరికింది. పూసలు గుచ్చేటప్పుడు పక్కన కూర్చునేది అత్తే. మొదట్లో దారం పూసలోకి దూరేది కాదు. ముసలామె విసుక్కోకుండా మళ్లీ అందించేది.

ఆసుపత్రి చీటీ కింద మళ్లీ రావాల్సిన తారీఖు రాసుంది. తల్లి తనే చదివింది. బొగ్గుతో గోడ మీద, 'పనస' కింద, ఆ తారీఖు వేసింది. లెక్క చూసుకుంటే అది సంత రోజు. ఆ రోజు అల్లం అమ్మకపోతే మళ్లీ వారం దాకా డబ్బులు లేవు.

"సంతకి నేను పోతాలే" అంది అత్త. "నువ్వు పిల్లని తీసుకెళ్లు. పొద్దుటి బండికే వెళ్లు, ఆలస్యం చేయకు."